ఆరో గోలీ

కళ్యాణదుర్గం దగ్గర మా అమ్మ పుట్టిల్లు. పోయిన వేసవిలో అక్కడ అటక దులుపుతుంటే గిన్నె లాంటి ఇనప వస్తువొకటి దొరికింది. లోపల ఆరు గాడులు, చిల్లుల కడియం, అయిదు ఉక్కు గోలీలు. ఎత్తితే చెయ్యి పడిపోయేంత బరువు.

"చిన్న రోలేమో!" అన్నాను. బి.ఏ. తెలుగుకి అంతకన్నా ఏం తడుతుంది? "బోరు మోటారుదిలే" అని తేల్చేసి పేపరు తిప్పారు మావారు. అమ్మ మాత్రం పెదవి విప్పలేదు.

అనంతపురంలో ఒక ముసలి మెకానిక్ సాయిబుకి చూపించాం. కిరసనాయిలుతో తుడిచి మురిసిపోయాడు.

"ఇది మిలిటరీ లారీ ముందు ఇరుసుదమ్మా. జెప్పా జాయింటు. చక్రం పక్కకి తిరిగినా ఇంజను బలం కుదుపు లేకుండా అందాల. మామూలు క్రాసు జాయింటయితే వంగినప్పుడు కుదుపు. ఈ ఆరు గోలీలుంటే సాఫీ."

అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920లలో కనిపెట్టాడట. ఇవాళ మనమెక్కే చిన్న కార్లలోనూ ముందు చక్రాల దగ్గర ఉండేది దీని వారసులేనట!

"ఆరో గోలీ ఏదక్కా?" అన్నాడు సాయిబు.

అమ్మ ముఖం పాలిపోయింది. "నేనే పోగొట్టినా" అంది.

1945లో యుద్ధం ముగిశాక మిలిటరీ లారీలు వేలానికొస్తే తాత ఒకటి కొన్నాడు. 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే నేల మాది. ఏటి చెలమల్లో నీళ్లు పీపాలకు నింపి ఊరికి తెచ్చేవాడు. ఇసకలోంచి ఎక్కాలంటే ముందు చక్రాలకీ బలం కావాలి. ఒకరోజు జాయింటు విప్పి అరుగు మీద పెడితే, ఏడేళ్ల అమ్మ అచ్చనగండ్లకని ఒక గోలీ తీసుకుపోయి పారేసుకుంది. ఆ తర్వాత లారీ ఏట్లోకి దిగలేదు.

"నాయన లాంతరు పట్టుకోని వెతికె. నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇన్నేండ్లూ నన్ను తినింది."

సాయిబు కడియాన్ని వెలుతురుకి తిప్పాడు. "ఇట్ల చూడక్కా, పగులు. లోపలికంటా తుప్పు, పాతదే. అందుకే మీ నాయన విప్పింటాడు. ఆరు గోలీలున్నా ఇది మళ్లీ ఎక్కేది కాదు."

అమ్మ కొంగు కళ్లకద్దుకుంది.

దారంతా మౌనమే. ఇంటికొచ్చి మనవరాలిని పిలిచి, అయిదు గోలీలూ నేల మీద పోసింది.

అచ్చనగండ్లకి అయిదు చాలు కదండీ!