‘మొండి’ అనే ముందు మూడు గడులు



మీ పిల్లలు చదువుతున్న ఈ స్కూల్లోనే నేనూ టెన్త్ వరకు చదివాను. ఇప్పుడు అమెరికాలో బిహేవియర్ ఎనాలిసిస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా మా పెద్దమ్మ అడుగుతుంది: “అయితే ఎవరి మనసులో ఏముందో చెప్పేస్తావా అమ్మా?”

అదొక్కటే మేం చేయనిది! పిల్లవాడు ఏం చేశాడు, దానికి ముందు ఏం జరిగింది, చేశాక అతనికి ఏం దొరికింది. ఈ మూడింటినే చూస్తాం, రాసుకుంటాం, లెక్కపెడతాం.

“మావాడు మొండి” అంటాం. ఎందుకలా అంటున్నారు? హోంవర్క్ పుస్తకం విసిరేస్తాడు కాబట్టి. ఎందుకు విసిరేస్తాడు? మొండివాడు కాబట్టి. చూశారా, తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. పేరు పెట్టాం గానీ కారణం తెలియలేదు.

1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఎదుగుదల సమస్యలున్న నలుగురు పిల్లలను ఇలాగే గమనించారు. పైకి అల్లరి ఒకేలా ఉన్నా కారణం ఒకటి కాదు. కొన్నిసార్లు పని కష్టంగా ఉండటం, కొన్నిసార్లు టీచర్ పట్టించుకోకపోవడం. పని కష్టమైనప్పుడు ‘నాకు అర్థం కాలేదు’ అని చెప్పడం నేర్పారు. పట్టించుకోవడం కావాల్సినప్పుడు ‘నేను బాగా చేస్తున్నానా?’ అని అడగడం నేర్పారు. కారణానికి సరిపోయే మాట నేర్పినప్పుడు అల్లరి బాగా తగ్గింది. సరిపోని మాట నేర్పితే తగ్గలేదు. నన్ను ఈ చదువు వైపు లాగింది ఈ పరిశోధనే.

“దీనికి అన్నేళ్లు ఎందుకు?” అని మీరు అడగవచ్చు. ఒక పద్ధతి పనిచేసిందని చెప్పాలంటే దాన్ని మొదలుపెట్టి, ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సరిపోల్చుకోవాలి. చాలాసార్లు వందమంది సగటు కాకుండా ఒక్కో పిల్లవాడి గ్రాఫే మాకు సాక్ష్యం. ఆ ఓపిక నేర్పడమే డాక్టరేట్ పని.

మీ పిల్లల్లో ఎవరికైనా ఈ దారి నచ్చితే ఒక్క విషయం ముందే తెలుసుకోండి. అక్కడ ప్రాక్టీసు చేయడానికి ఇచ్చే బీసీబీఏ సర్టిఫికెట్‌కు మాస్టర్స్ డిగ్రీ చాలు. పీహెచ్‌డీ ముఖ్యంగా పరిశోధనకు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి. పైగా ఆ సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా బోర్డు, భారత్‌లో నివసించేవారి నుంచి 2023 జనవరి నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. నాకు మాత్రం చదువయ్యాక హైదరాబాద్ వచ్చేయాలని ఉంది. ఇక్కడి టీచర్లకు, తల్లిదండ్రులకు తెలుగులో ఇది నేర్పాలని ఉంది. ఆ సర్టిఫికెట్‌ను మాత్రమే నమ్ముకుంటే అది కుదరదు. అందుకే మాస్టర్స్‌తో ఆగకుండా పీహెచ్‌డీలో చేరాను.

ఈలోగా మీరు ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ముందు, చేసింది, తర్వాత. ఐదు రోజులు కోప్పడే సమయంలో కాస్త ఆగి, చూసింది చూసినట్టు రాయండి. లెక్కల పుస్తకం తీసినప్పుడే గొడవా? నాన్న ఫోన్‌లో ఉన్నప్పుడా? గొడవయ్యాక పుస్తకం మూసేస్తున్నారా, నాన్న వచ్చి పక్కన కూర్చుంటున్నారా? కొట్టుకోవడం, తనకు తాను గాయం చేసుకోవడం లాంటివి కనిపిస్తే మాత్రం రాస్తూ కూర్చోకండి, వెంటనే నిపుణులను కలవండి.

వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. “మావాడు మొండి” అంటే టీచర్ తల ఊపడం తప్ప ఏం చేయగలరు? “కూడికలప్పుడు కూర్చుంటున్నాడు, భాగహారాలప్పుడే లేచిపోతున్నాడు” అని చెప్పండి. ఆ రోజే పని మొదలుపెట్టవచ్చు.