తీగెలు కలుపుట

తెగిన తీగెను తిరిగి కలుపుటకు రెండు దారులు గలవు. కరగించిన తగరముతో అతికించుట యొకటి. తీగె కొనలకు లోహపు ముక్కలు తొడిగి ఒకదానిలో నొకటి దూర్చుట రెండవది. మొదటిదానిని మన మరమ్మతుదారులు సోల్డరింగు అందురు. రెండవదానిని కనెక్టరు అందురు. ఏది మేలని యడిగినచో ప్రతివాడును తాను నేర్చినదే మేలనును. కొన్ని యేండ్లుగా నాయుడుపేటలోని మా యింటి వసారాలో ఇరుగుపొరుగువారి పాడైన సామానులను విప్పి చూచుచున్నారము గాన, మాకీ ప్రశ్న తరచుగా నెదురగుచున్నది. మాకు తోచిన నాలుగు మాటలు పాఠకులతో ముచ్చటింప బూనితిమి.

తగరపుపని మనకు క్రొత్తది కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయువారు పాత్రను బొగ్గుల మంటపై కాచి, నవాసారపు పొడి చల్లి, తగరమును రాచి, దూదితో లోపలి భాగమంతయు పులుముదురు. నవాసారము లోహముపై నున్న మురికిపొరను తొలగించును. ఆ పొర పోనిదే తగరము పట్టదు. విద్యుత్తు తీగెల విషయమున ఆ పనిని పైన్ చెట్ల జిగురునుండి వచ్చు రోజిన్ చేయును. (నవాసారము తీగెలకు పనికిరాదు. మిగిలిపోయిన లవణము రాగిని మెల్లగా తినివేయును.) 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము కలిపినచో ఆ మిశ్రమము 183 సెంటీగ్రేడు డిగ్రీలకడ ఒక్కమారుగా కరగి, చల్లారునపుడు ఒక్కమారుగా గట్టిపడును. సీసము విషమగుటచే ఐరోపా సమాఖ్యవారు 2006 జూలై 1 నుండి విద్యుత్ సామగ్రిలో దానిని చాలవరకు నిషేధించిరి. సీసము లేని మిశ్రమములు సాధారణముగా 217 డిగ్రీలు దాటినగాని కరగవు. నేర్చుకొనువాని చేతికి అవి కొంత మొండివి.

అతుకు బాగుగ వేసినచో గాలియు తేమయు లోనికి జొరవు, తీగె లాగినను రాదు. అయితే దాని కొక లోపము గలదు. కరగిన తగరము దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు సన్నని రాగిపోగుల నడుమ పైకి ప్రాకును. అంతవరకు తీగె కడ్డీవలె బిగిసిపోవును. దానిపైన మెత్తగానే యుండును. యంత్రము అదరునప్పు డెల్ల ఆ రెంటి సరిహద్దునకడనే తీగె వంగును. కొన్నాళ్లకు అచ్చటనే తెగును. జనులు "సోల్డరింగు ఊడినది" అందురు గాని, అనేక పర్యాయములు అతుకు చెక్కుచెదరక యుండును, ప్రక్క తీగె తెగియుండును.

ఇక కనెక్టరు బలమంతయు దాని లోపలి స్ప్రింగు బిగువులో నున్నది. అమెరికాలో పుట్టిన పిన్‌బాల్ అను బంతియాట యంత్రములను బాగుచేయువారిలో దీనిగూర్చి ఎడతెగని వాదము గలదు. ఆ యంత్రములలో దీపములకు పోవు విద్యుత్తు చిన్న చిన్న సూదులగుండ పోవును. సూది వేడెక్కును, వేడికి స్ప్రింగు సడలును, సడలినకొలది నిరోధము పెరిగి మరింత వేడెక్కి తుదకు నల్లబడి మాడును. విసిగినవారు కనెక్టరును కోసివేసి తీగెలను పలకకే సోల్డరింగు చేయుదురు. అప్పటికి దీపములు వెలుగును గాని, తరువాత పలకను విప్పవలసినవాడు తలపట్టుకొనును.

పెద్ద పనులలోను ఈ రెండును మోసము చేసినవే. జెనీవాకడ సెర్న్ సంస్థవారి మహాయంత్రమున 2008 సెప్టెంబరు 19న రెండు అయస్కాంతముల నడుమ నున్న తగరపు టతుకు ఒకటి సరిగా లేనందున కరగిపోయెను. హీలియము వెల్లువవలె వెడలి 50కి పైగా అయస్కాంతములను బయటికి తీయవలసి వచ్చెను. యంత్రము మరల నడచునప్పటికి ఏడాది దాటినది. ఆ సంస్థనుండియే 730 కిలోమీటర్ల దూరమున నున్న ఇటలీ ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలు వెలుతురుకంటె 60 నానోసెకండ్లు ముందు చేరినవని 2011లో లోకమంతయు గగ్గోలు పుట్టెను. ఐన్‌స్టీనునే తప్పుపట్టిన ఆ వింతకు ప్రధానకారణము సరిగా బిగియని కనెక్టరని 2012లో తేలినది! మా ఊరికి సమీపముననే యున్న శ్రీహరికోటలో మాత్రము కనెక్టరు లేనిదే పని జరుగదు. వేరువేరు చోట్ల తయారైన రాకెట్టు అంతస్తులను అచ్చట కూర్చవలెను, పరీక్షింపవలెను, అవసరమైన విప్పవలెను.

ఒక మాఘమాసమున మా ఊరి శివారునుండి ఒక కౌలురైతు మందుకొట్టు బ్యాటరీ ట్యాంకును భుజాన మోసికొని వచ్చెను. రెండెకరముల వరిలో సుడిదోమ దిగినది. అది మొదళ్లకడ చేరి రసము పీల్చును. కొలది దినములలో మడి సుడులు సుడులుగా ఎండిపోవును. చేతిపంపుతో దినమంతయు కొట్టగల వయస్సు ఆయనకు దాటినది.

"నాయనా, ఈసారి ఊడకుండా గట్టిగా సోల్డరింగు కొట్టిపెట్టు. తెల్లారేసరికి మడిలో ఉండాల" అనెను.

"మామా, ఊడింది సోల్డరింగు కాదు. పక్కన తీగ తెగింది, చూడు" అని చూపితిమి.

మోటారు అదరుచుండును, ట్యాంకు వీపుపై ఊగుచుండును. అట్టిచోట మరల తగరము పెట్టిన మరల అచ్చటనే తెగును. అట్లని కనెక్టరు పెట్టిన మందునీరు కారి చిలుము పట్టును. కొంత ఆలోచించి, మోటారు తీగెలకు తొడుగుకొనలు పెట్టి, అందుకై యున్న ప్రత్యేకపు పట్టుకారుతో రాగిపోగులు ఏకముద్దయగునట్లు నొక్కితిమి. మామూలు పట్టుకారుతో నొక్కినచో అది పట్టు గాదు, పట్టినట్లు కనబడుటయే. పైన గ్రీజు పూసి, గొట్టము తొడిగి, తీగె ఊగకుండ జానెడు దూరమున పెట్టెకు కట్టితిమి. బ్యాటరీకి సైతము కనెక్టరే, దానిని ఎప్పటికైన మార్చక తప్పదు గదా. ఛార్జింగు పలకపై వదులైన సాకెట్టును మాత్రము సోల్డరింగు చేసితిమి. అది కదలనిది, విప్పనిది.

రైతునకు తృప్తి కలుగలేదు. చేతితో లాగిన వచ్చు దానిని నమ్ముటెట్లని గొణుగుచు పోయెను.

పదునైదు దినములకు మరల వచ్చెను. ఒక మూల మడి కొంత ఎండినదట, తక్కినది నిలిచినదట. రెండవనాడు గట్టు దాటుచుండగా కంప తగిలి ఒక కొన ఊడెనట. తానే చేతితో దూర్చి సాయంకాలమువరకు కొట్టెనట. దగ్గర నుంచుకొనుటకు రెండు కొన లిమ్మని యడిగి, ఆ పట్టుకారు వెల యెంతని విచారించెను.