తేలే తోటకు తీరమేదీ?

దాల్‌ సరస్సు మీద కూరలు పండించే రైతులే దానికి ముప్పుగా మారారా?

గట్టు జరిపి పక్కవాడి పొలంలో రెండు సెంట్లు కలుపుకోవడం మనకు కొత్తేమీ కాదు. మొత్తం తోటనే రాత్రికి రాత్రి పడవకు కట్టి లాక్కుపోవడం మాత్రం శ్రీనగర్‌లోనే చెల్లింది. 1895లో ‘ద వ్యాలీ ఆఫ్‌ కశ్మీర్‌’ వెలువరించిన వాల్టర్‌ లారెన్స్‌ ఈ దొంగతనాలను కూడా ప్రస్తావించారు.

ఆ తోట పేరు రాద్‌. దాల్‌ సరస్సులో పెరిగే జమ్మును అడుగున తెగ్గోసి, అల్లుకుపోయిన దుబ్బులను చాపలా నీటిపై తేలనిస్తారు. దానిపై నాచు, సరస్సు అడుగు నుంచి తోడిన బురద వేస్తారు. కొట్టుకుపోకుండా కర్రలు దిగ్గొడతారు. నీరు పెరిగితే తోట లేస్తుంది, తగ్గితే దిగుతుంది. తడి పెట్టే బాధ లేదు. దోస, సొర, టమోటా పాదులను రైతు పడవలో కూర్చునే చూసుకుంటాడు.

సంత కూడా నీళ్ల మీదే. పొద్దు పొడవక ముందే సన్నటి పడవలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. హాక్‌ అనే ఆకుకూర, టర్నిప్‌లు, కశ్మీరీలు నద్రూ అని పిలిచే తామర తూళ్లు ఈ పడవలోంచి ఆ పడవలోకి మారుతుంటాయి. చలికాలమైతే ఫిరన్‌ లోపల కాంగ్రీ కుంపటి వెచ్చదనంతోనే బేరాలు సాగుతాయి. రెండు గంటల్లో సంత ఖాళీ. బులేవార్డ్‌ రోడ్డు ఎదుట హౌస్‌బోట్లలో పర్యాటకులు కళ్లు నులుముకునేసరికి కూరలు ఊళ్లోకి చేరిపోతాయి.

కానీ ఏటా బురద వేస్తూ పోతే తోట బరువెక్కి కిందికి దిగుతుంది. అడుగు తాకిందా, ఇక అది కదలదు. స్థానికులు దెంబ్‌ అనే మెరక నేలలో కలిసిపోతుంది. దానిపై చెట్లు, ఆ తర్వాత ఇల్లు. సరస్సు నేలగా మారే తీరు ఇదీ. మరోవైపు నగరపు మురుగు చేరి కలుపు ఏపుగా పెరుగుతోంది. ఆ పాపం రైతుది కాదు. పైగా ఆ కలుపును లాగి తోటకు ఎరువు చేసేది అతడే. అతడు లేకపోతే ఆ పనంతా యంత్రాల మీద పడుతుంది.

సరస్సును కాపాడేందుకు 1997లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఆక్రమణలపై హైకోర్టు కన్నెర్ర చేసింది. సరస్సులోని కుటుంబాలకు బెమినా సమీపంలోని రఖ్‌-ఎ-అర్థ్‌లో స్థలాలు కేటాయించారు. అక్కడ ఇల్లు కట్టుకోవచ్చు. పడవ మీద సేద్యం తప్ప మరో విద్య రాని మనిషికి పని ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న.

ఒకప్పుడు తోట మాయమైతే రైతు వెతుక్కుంటూ వెళ్లేవాడు. ఇప్పుడు తరలిపోతున్నది రైతే.