తోలు జాకెట్ల వెనక మినిట్స్ పుస్తకం

అమెరికా పట్టణాల్లో మోటార్‌సైకిల్ క్లబ్బు అంటే చాలావరకు వారాంతపు సంఘం. నర్సులు, ప్లంబర్లు, స్కూలు టీచర్లు, రిటైరైన సైనికులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు శనివారమో ఆదివారమో పొద్దున్నే ఒక పార్కింగ్ లాట్‌లో చేరతారు. నూరో నూటయాభయ్యో మైళ్లు తిరిగి, దారిలో ఎక్కడో భోంచేసి, పొద్దుగూకేలోగా ఇళ్లు చేరుకుంటారు. రోడ్డు మీద ఎదురుపడ్డవాళ్లకు కనిపించేది తోలు జాకెట్లు, వినిపించేది సైలెన్సర్ల హోరు. లోపల మాత్రం మినిట్స్ పుస్తకం, కోశాధికారి లెక్కలు, రైడుకు ముందు సంతకం పెట్టాల్సిన కాగితాలు, అందరూ కంఠతా పట్టాల్సిన చేతిసైగలు ఉంటాయి. చూపులకు తిరుగుబాటుదారుల్లా ఉండి ఇంత పద్ధతిగా నడిచే సంఘాలు అరుదు.

ఈ క్లబ్బులు దాదాపు మోటార్‌సైకిల్ అంత పాతవి. హార్లీ-డేవిడ్సన్ మిల్వాకీలో మొదలైన 1903లోనే న్యూయార్క్ రాష్ట్రంలో యాంకర్స్ మోటార్‌సైకిల్ క్లబ్బు పుట్టింది. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకొకటి. దేశమంతటి క్లబ్బులకు గుర్తింపు ఇచ్చి, పోటీలకు నియమాలు పెట్టే అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ 1924లో ఏర్పడింది. ఒక ఊరి క్లబ్బు ఎంత దూరం వెళ్లగలదో సౌత్ డకోటాలోని స్టర్జిస్ చెబుతుంది. అక్కడి జాక్‌పైన్ జిప్సీస్ అనే స్థానిక క్లబ్బు 1938లో తొమ్మిదిమంది పోటీదారులతో ఒక రేసు పెట్టింది. అదే ఏటేటా ఆగస్టులో జరిగే ర్యాలీగా పెరిగింది. ఊరి జనాభా ఏడువేలు. 2015లో 75వ ర్యాలీకి వచ్చినవారు ఏడు లక్షలు దాటారు.

క్లబ్బులకు చెడ్డపేరు తెచ్చిపెట్టింది కాలిఫోర్నియాలోని హాలిస్టర్. 1947 జులై 4 సెలవుల్లో అక్కడి రేసులకు ఊరు పట్టనంతమంది వచ్చారు. తాగుడు, వీధుల్లో పందేలు, అరెస్టులు. లైఫ్ పత్రికలో వచ్చిన ఒక ఫోటో దాన్ని దేశమంతా తిప్పింది. 1953లో మార్లన్ బ్రాండో నటించిన ‘ది వైల్డ్ వన్’ సినిమా ఆ బొమ్మను ఖాయం చేసింది. నూటికి 99 మంది రైడర్లు బుద్ధిమంతులేనని అసోసియేషన్ అప్పట్లో ప్రకటించిందనీ, మిగిలిన ఆ ఒక్క శాతం మేమేనని కొన్ని ముఠాలు బ్యాడ్జీలు కుట్టించుకున్నాయనీ కథ. బ్యాడ్జీలు నిజమే. ప్రకటన చేసినట్టు తమ రికార్డుల్లో ఎక్కడా లేదని అసోసియేషన్ చెబుతోంది.

ఆ చరిత్ర వల్ల ఇప్పటికీ రెండు రకాల క్లబ్బుల తేడా తెలుసుకోవడం అవసరం. వీపు మీద పై పట్టీ, నడిమి బొమ్మ, కింది పట్టీ అంటూ మూడు ముక్కల ప్యాచ్ వేసుకునేవి సంప్రదాయ మోటార్‌సైకిల్ క్లబ్బులు. వాటిలో సభ్యత్వం డబ్బు కట్టి తెచ్చుకునేది కాదు. నెలల తరబడి, ఒక్కోచోట ఏళ్ల తరబడి వెంట తిరిగి, పనులు చేసి, అందరి ఓటుతో సంపాదించుకోవాలి. రెండోవి రైడింగ్ క్లబ్బులు. చందా కడితే చాలు, వీపున ఒకటే ముక్క ప్యాచ్. కొత్తగా క్లబ్బు పెట్టేవాళ్లు మూడు ముక్కల ప్యాచ్ తమకు తామే కుట్టించుకుంటే ఆ ప్రాంతంలోని పాత క్లబ్బులకు కోపం వస్తుంది. వాళ్ల కోపం మాటలతో ఆగుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడి విషయమంతా రెండో రకం గురించే.

రైడింగ్ క్లబ్బుల్లో బాగా విస్తరించింది హార్లీ ఓనర్స్ గ్రూప్. కంపెనీయే 1983లో దీన్ని స్థాపించింది. హార్లీ కొన్నవారు జాతీయ సంస్థలో సభ్యులై, ఆపైన తమ ఊరి చాప్టర్‌లో చేరతారు. ప్రతి చాప్టర్ వెనకా ఒక డీలర్ షాపు ఉంటుంది. సమావేశానికి చోటు, కాఫీ అక్కడే. బదులుగా సభ్యుల జేబులు కూడా అక్కడే ఖాళీ అవుతాయి. కంపెనీ కట్టిన సంఘంలో స్వేచ్ఛ ఏముందని పాతకాలపు క్లబ్బులవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. కానీ తెలిసినవాళ్లెవరూ లేని ఊళ్లో కొత్తగా దిగినవాడికి, ఎవరి సిఫారసూ లేకుండా తలుపు తెరిచేది ఇలాంటి క్లబ్బే. బీఎండబ్ల్యూ యజమానుల సంఘం 1972 నుంచీ ఉంది. డీలర్‌తో పనిలేకుండా మిత్రులే నడుపుకునే చిన్న క్లబ్బులకు లెక్కలేదు.

హార్లీ చాప్టర్‌కు డైరెక్టర్, సహాయ డైరెక్టర్, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. రైడు నడిపేవారిని రోడ్ కెప్టెన్లు అంటారు. భద్రతకు ఒకరు, మహిళా రైడర్లకు ఒకరు, ఫోటోలకు ఒకరు, చరిత్ర రాసిపెట్టడానికి కూడా ఒకరు. అందరూ జీతం లేని అధికారులే. నెలకోసారి సమావేశం. పోయిన నెల మినిట్స్ చదవడం, ఖాతాలో ఎంత ఉందో చెప్పడం, రాబోయే రైడ్ల జాబితా, లాటరీ టిక్కెట్ల అమ్మకం. వాదనలు కూడా అపార్ట్‌మెంట్ సంఘంలో వాదనల్లాగే ఉంటాయి: భోజనానికి ఏ హోటలు, ఎవరు మరీ వేగంగా నడిపారు, టీషర్టు మీద బొమ్మ ఎందుకు మారింది. జరిపే కార్యక్రమాలను మూడు తరగతులుగా విడదీస్తారు. కొన్ని సభ్యులకే, కొన్నిటికి సభ్యుడు ఒక అతిథిని తేవచ్చు, కొన్ని అందరికీ. ఏ తరగతి అయినా, ప్రమాదం జరిగితే క్లబ్బుదీ డీలరుదీ బాధ్యత కాదన్న కాగితం మీద సంతకం పెట్టాకే తాళం తిప్పాలి.

రైడు రోజున ప్రకటించేది చేరే సమయం కాదు, స్టాండు తీసే సమయం. తొమ్మిదికి స్టాండు తీయడం అంటే ట్యాంకు నిండి, టాయిలెట్‌కు వెళ్లొచ్చి, గ్లవ్స్ తొడుక్కుని, తొమ్మిదికి బండి కదలాలి. తొమ్మిదీ అయిదుకు వచ్చినవాళ్లకు ఖాళీ పార్కింగ్ లాట్ స్వాగతం చెబుతుంది. మన సభల ఆహ్వానపత్రికల మీది సమయానికి అలవాటుపడినవాళ్లు మొదటిసారి దెబ్బతినేది ఇక్కడే. కదిలే ముందు రోడ్ కెప్టెన్ అందరినీ చుట్టూ నిలబెట్టి దారి, ఆగే చోట్లు, తప్పిపోతే ఏం చేయాలో చెబుతారు. పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలన్నది పెద్ద ట్యాంకును బట్టి కాదు, గుంపులో అన్నిటికన్నా చిన్న ట్యాంకును బట్టి నిర్ణయిస్తారు.

గుంపుగా నడపడానికి మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ చెప్పే పద్ధతినే చాలా క్లబ్బులు పాటిస్తాయి. ఒక గుంపులో అయిదు నుంచి ఏడు బండ్లు. అంతకు మించితే రెండు గుంపులు చేస్తారు. లేన్‌లో మొదటి బండి ఎడమ పక్కన, రెండోది కుడి పక్కన కనీసం ఒక సెకను వెనక, మూడోది మళ్లీ ఎడమ పక్కన. సరిగ్గా తన ముందున్న బండికీ తనకూ రెండు సెకన్ల ఎడం. ఇలా మెట్లుమెట్లుగా నడిస్తే గుంపు పొడవు పెరగకుండానే ప్రతివారికీ పక్కకు తప్పుకునే చోటు మిగులుతుంది. జంటగా పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడపడం సినిమాల్లోనే బాగుంటుంది. మలుపులు ఎక్కువైనప్పుడు, దారి సరిగా కనిపించనప్పుడు లీడర్ ఎడమచెయ్యి ఎత్తి ఒక వేలు చూపుతారు. వెంటనే అందరూ ఒకే వరుసలోకి వస్తారు. రెండు వేళ్లు చూపితే మళ్లీ మెట్ల వరుస.

సైగలన్నీ ఎడమచేత్తోనే. కుడిచెయ్యి యాక్సిలరేటర్‌నూ ముందు బ్రేకునూ వదలడానికి లేదు. రోడ్డు మీద గుంతో కంకరో ఎడమవైపు ఉంటే వేలితో చూపుతారు. కుడివైపు ఉంటే కుడికాలు చాచి చూపుతారు. అరచెయ్యి కిందికి తిప్పి ఊపితే వేగం తగ్గించమని. వేలితో ట్యాంకు వైపు చూపితే పెట్రోలు కావాలని. బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుంటే దాహమో ఆకలో వేస్తోందని. దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువాడికి శిక్షణ అక్కర్లేదు. ప్రతి సైగనూ వెనకున్నవారు తమ వెనకవారికి అందిస్తూ పోవాలి. ఇప్పుడు హెల్మెట్లలో మాట్లాడుకునే బ్లూటూత్ పరికరాలు వచ్చాయి, అయినా సైగలు పోలేదు.

వరుస చివర నడిచేవారిని స్వీప్ అంటారు. అనుభవం బాగా ఉన్నవారికే ఈ పని ఇస్తారు. బండి ఆగిపోయినవారి దగ్గర ఆగేదీ, లేన్ మారాల్సినప్పుడు ముందుగా మారి మిగతావారికి చోటు కాపాడేదీ, భయపడి వెనకబడ్డ కొత్తవారికి తోడుగా నిదానంగా నడిచేదీ వీరే. గుంపులో నెమ్మదైన రైడర్‌ను లీడర్‌కు సరిగ్గా వెనక నడిపించే క్లబ్బులు మంచివి. కొత్తవాడిని చివరికి నెట్టి, వాడు వరుసను అందుకోవడానికి తన శక్తికి మించిన వేగంతో మలుపులు తిప్పేలా చేసే క్లబ్బులో చేరకపోవడమే మేలు.

తిరగడం ఒక్కటే అయితే ఇన్నేళ్లు ఈ క్లబ్బులు నిలిచేవి కావు. సంవత్సరంలో సగం రైడ్లు ఏదో ఒక సాయం కోసం జరుగుతాయి. ఎక్కువమందికి తెలిసినది పోకర్ రన్. అయిదు చోట్ల ఆగి, ఒక్కోచోట ఒక్కో పేకముక్క తీసుకోవాలి. చివరికి ఎవరి చేతిలో మంచి ముక్కలు పడితే వారికి బహుమతి. ప్రవేశ రుసుములో మిగిలింది ఆసుపత్రి ఖర్చుల్లో ఉన్న ఒక కుటుంబానికో, అగ్నిమాపక దళానికో వెళుతుంది. వేగానికి ఇందులో పనిలేదు కాబట్టి ఎవరూ తొందరపడరు. శరత్కాలంలో బొమ్మల రైడు వస్తుంది. అమెరికా మెరైన్ దళపు రిజర్వ్ సైనికులు 1947లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన ‘టాయ్స్ ఫర్ టాట్స్’ కోసం, పేద పిల్లలకు క్రిస్మస్‌కు ఇవ్వడానికి ఒక్కో రైడరు ఒక కొత్త బొమ్మ తెస్తాడు. గడ్డం పెంచిన ఆరడుగుల మనిషి హ్యాండిల్‌కు గులాబీరంగు ఎలుగుబంటిని కట్టుకుని వెళ్లడం ఆ రోజుల్లో మామూలు దృశ్యం. హార్లీ కంపెనీ 1980లో కండరాల క్షీణత వ్యాధిపై పనిచేసే సంస్థతో చేయి కలిపింది. ఆ పేరిట చాప్టర్లు ఏటా చందాలు వసూలు చేశాయి.

చావు దగ్గర క్లబ్బు మరీ నిలబడుతుంది. సభ్యుడు పోతే శవపేటిక వెనక అతని క్లబ్బే కాక పక్క ఊళ్ల క్లబ్బులు కూడా బండ్లతో నడుస్తాయి. సైనికుల అంత్యక్రియలకు ఇదే పని చేయడానికి 2005లో పేట్రియాట్ గార్డ్ రైడర్స్ ఏర్పడింది. సైనికుల అంత్యక్రియల దగ్గర నినాదాలు చేసే ఒక మతబృందానికీ, దుఃఖంలో ఉన్న కుటుంబానికీ మధ్య జెండాలు పట్టుకుని గోడలా నిలబడటం దాని మొదటి పని. కుటుంబం పిలిస్తేనే వస్తారు.

ఎవరు చేరుతున్నారన్నది క్లబ్బులను ఇప్పుడు వేధించే ప్రశ్న. మోటార్‌సైకిల్ ఇండస్ట్రీ కౌన్సిల్ 2018 సర్వే ప్రకారం అమెరికాలో బండి యజమానుల మధ్యస్థ వయసు 50. యజమానుల్లో మహిళలు 19 శాతం. మహిళల క్లబ్బులు కొత్తవేం కావు, మోటార్ మెయిడ్స్ 1940 నుంచీ ఉంది. మహిళా రైడర్ల సంఖ్య పెరుగుతోంది. యువకులు మాత్రం తగినంతగా రావడం లేదు. హోండా గోల్డ్‌వింగ్ యజమానులు 1977లో పెట్టుకున్న జాతీయ సంఘం సభ్యులు తగ్గి 2022లో మూతపడింది. మంచు పడే రాష్ట్రాల్లో ఏడాదికి నాలుగైదు నెలలు బండ్లు గ్యారేజీల్లో, బ్యాటరీకి చార్జర్ తగిలించుకుని పడుకుంటాయి. ఆ నెలల్లో కూడా సమావేశం మానని క్లబ్బే ఏప్రిల్‌లో నిండుగా రోడ్డెక్కుతుంది.

తెలుగు రైడర్లు ఈ క్లబ్బుల్లోకి ఎక్కువగా రెండు దారుల్లో వస్తారు. ఒకటి ఆఫీసులో అమెరికన్ సహోద్యోగి పిలుపు. రెండోది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీద మమకారం. 1955లో మద్రాసులో కూర్పు మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ తన ఉత్తర అమెరికా కార్యాలయాన్ని 2015లో హార్లీ సొంత ఊరు మిల్వాకీలోనే తెరిచింది. హైదరాబాద్‌లో హార్లీ యజమానులకు బంజారా చాప్టర్ ఉంది కాబట్టి కొందరికి ఈ పద్ధతులు ముందే తెలుసు. తెలుగువాళ్లు తమలో తాము వాట్సాప్ గుంపులు పెట్టుకుని తిరగడమూ ఉంది. ఆవకాయ అన్నం డబ్బాలు, ఫోటోలు వాటిలో బాగుంటాయి కానీ స్వీప్, సైగలు, ముందు చెప్పే నియమాలు తరచూ ఉండవు. ఊరి క్లబ్బుతో ఒక్క సీజన్ తిరిగినవారు వీటిని అక్కడికి మోసుకొస్తే ఆ గుంపులకు చాలా మేలు.

భయపడాల్సిన అంకెలు ఉన్నాయి. 2022లో అమెరికా రోడ్ల మీద 6,218 మంది మోటార్‌సైకిల్ రైడర్లు, వెనక కూర్చున్నవారు చనిపోయారు. రిజిస్టరైన వాహనాల్లో మోటార్‌సైకిళ్లు మూడు శాతం, మరణాల్లో వారి వాటా 15 శాతం. ఎదురుగా వచ్చి ఎడమవైపు తిరిగే కారు వీరికి ప్రధాన శత్రువు. హెల్మెట్ చట్టం రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో అందరికీ తప్పనిసరి. టెక్సస్‌లో 21 దాటి, శిక్షణ పూర్తిచేసినవారు లేదా ఆరోగ్యబీమా ఉన్నవారు పెట్టుకోకపోయినా నేరం కాదు. ఇలినాయ్, అయోవాల్లో పెద్దలకు అసలు చట్టమే లేదు. చట్టం వదిలేసినా పుర్రె ఒకటే. చాలా రాష్ట్రాల్లో ఆగిన కార్ల మధ్యనుంచి దూరి సిగ్నల్ ముందుకు చేరడం నేరం. కాలిఫోర్నియా దీన్ని అనుమతిస్తుంది.

కారు లైసెన్సుతో అమెరికాలో మోటార్‌సైకిల్ నడపకూడదు, దానికి వేరే అనుమతి ఉంది. సేఫ్టీ ఫౌండేషన్ ప్రాథమిక తరగతిలో బండి వాళ్లే ఇస్తారు, చాలా రాష్ట్రాల్లో అది పూర్తిచేస్తే డ్రైవింగ్ పరీక్ష మినహాయిస్తారు. ఇంటర్ నుంచే బండి నడిపానన్న ధీమా ఉన్నవారు కూడా ఆ తరగతికి వెళ్లాలి. ఎడమ పక్కన నడిపే అలవాటు పోవాలి. వెనక బ్రేకునే నమ్ముకున్న కాలు, ఆపే శక్తిలో డెబ్భై శాతం ముందు బ్రేకుదేనని నేర్చుకోవాలి. ముందు తరగతి, తర్వాత హెల్మెట్, ఆ తర్వాతే బండి, క్లబ్బు. ఈ వరుసలో డబ్బు ఖర్చుపెట్టండి.