కుంచం ఎవరి చేతిలో ఉంది?

మా తాతకి సైకిలుండేది గాని ఊరి వీధిలో ఎక్కి తొక్కింది లేదు. పెద్దోళ్ళ అరుగులు కనపడగానే దిగేవాడు. వీధి దాటేదాకా నడిపించుకునే పోయేవాడు. నానమ్మ కోతకెళితే కూలి గింజలు కుంచంతో కొలిచి పోసేవారు. కుంచం వాళ్ళది, కొలిచే చెయ్యి వాళ్ళది. ఒడి పట్టేది నానమ్మ. నాన్న కొబ్బరికాయల వలుపుకెళ్ళేవాడు. వెయ్యికింతని కూలి. కాయలు లెక్కపెట్టేది మాత్రం కామందు మనిషి. నాన్న లెక్కకీ వాళ్ళ లెక్కకీ ఏనాడూ కుదిరింది లేదు. కుదరనప్పుడు నెగ్గేది ఎవరి లెక్కో చెప్పక్కర్లేదు.

నేను రాయబోయేది మోటారు సైకిలు గురించి. దానికీ కుంచానికీ సంబంధం ఉంది.

మాది కాట్రేనికోన. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. డీఎస్సీ రాసి గవర్నమెంటు బళ్ళో టీచరునయ్యాను. మా అమ్మ పదేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేసింది. ఆమె దాచిన డబ్బుతో తమ్ముడు సెకండ్ హ్యాండ్ బుల్లెట్ కొన్నాడు. క్లాసిక్ 350, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. 2020 ముందు వచ్చిన 350లకి కార్బొరేటర్ ఉండేది. బీఎస్-6 రూలు వచ్చాక కార్బొరేటర్ పోయి, చిన్న కంప్యూటర్ వచ్చింది. దాన్నే ఈసీయూ అంటారు. పాత ఓనరే కంపెనీ సైలెన్సర్ తీసేసి ఫ్రీ ఫ్లో సైలెన్సర్, గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరూ వేయించి అమ్మాడు.

పేట కుర్రోడు బుల్లెట్ మీద పోతుంటే ఊరికి రెండు చెవులు చాలవు. అదే చప్పుడు వేరే వీధి కుర్రోడు చేస్తే సరదా, మావోడు చేస్తే పొగరు. జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని 2022 మే 24న అమలాపురాన్ని తగలబెట్టిన రోజున అమ్మ తమ్ముడి బండి తాళం తీసి చీరకొంగున ముడేసుకుంది. చాలా రోజులు ఇంటర్నెట్టు లేదు, బండీ కదల్లేదు.

అయితే బండికి అసలు జబ్బు చప్పుడు కాదు. యాక్సిలేటర్ వదిలితే సైలెన్సర్లో టపాకాయల్లా పేలేది. సగం తిప్పితే తడబడేది. ఇంజను మాడిపోతున్నట్టు వేడెక్కేది. ప్లగ్గు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే ప్లగ్గు అలా తెల్లబారుతుంది. పెట్రోలు ఎక్కువైతే మసి పడుతుంది. సమంగా ఉంటే ఇటుక రంగు. ఊపిరి పెంచి తిండి పెంచకపోతే మనిషైనా అంతే, ఇంజనైనా అంతే. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఉత్త పెట్రోలైతే ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి చాలు. ఇథనాల్ కలిస్తే అంత గాలి అక్కర్లేదు, అంటే అదే గాలికి ఇంధనం ఇంకాస్త ఎక్కువ కావాలి.

టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్ళాం. షాపాయన బండి స్టార్ట్ చేసి విని, "రెసిస్టర్ ఒకటి పెట్టేస్తా మాస్టారూ, సరిపోద్ది" అన్నాడు. రెసిస్టర్ చేసే పని అబద్ధం చెప్పడం. లోపలికొచ్చే గాలి చల్లగా ఉందని ఈసీయూని నమ్మిస్తుంది. అది నమ్మి, కావాల్సిన చోటా అక్కర్లేని చోటా ఒకే తీరున పెట్రోలు పోస్తుంది. "ఎంత పోస్తుందో ఎలా కొలుస్తారండీ?" అని అడిగాను. నవ్వాడు. "మీవోళ్ళకి సౌండుంటే చాలు గదండీ, కొలతలెందుకు?" అన్నాడు.

తమ్ముడు చెయ్యెత్తబోతే పట్టుకుని బయటికి తెచ్చాను. దారంతా నాకు నానమ్మ ఒడే కనపడింది.

మిగిలినవి రెండు దార్లు. ఒకటి, ఈసీయూలో ఉన్న లెక్కల పట్టికనే చెరిపి కొత్తది రాయడం. రీఫ్లాష్ అంటారు. నిజానికి గట్టి పని ఇదే. కానీ ఆ పట్టికని మన బండిని డైనో మీద ఎక్కించి కొలిచి రాయాలి. మా చుట్టుపక్కల నాకు డైనో దొరకలేదు. ఎక్కడో ఎవరి బండి మీదో కొలిచిన పట్టిక పంపిస్తారు, దాన్ని నమ్మి ఎక్కించుకోవాలి. రెండోది, ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య ఒక పెట్టె పెట్టడం. బెంగుళూరు రేస్ డైనమిక్స్ వాళ్ళ ఫ్యూయల్ ఎక్స్ లాంటివి అవే. ఈసీయూ చెప్పిన దానికి ఇది కొంత కలిపో తీసేసో ఇంజెక్టర్‌కి అందిస్తుంది. అక్కర్లేదనుకుంటే విప్పేస్తే బండి మళ్ళీ మామూలే.

తమ్ముడు రీఫ్లాష్ అన్నాడు. "అతుకులేంట్రా అన్నయ్యా, రాసిందే మార్చాలి" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఈ దేశంలో మనకి అతుకులేసిన వాళ్ళే ఎక్కువ, రాసింది మార్చినవాడు ఒక్కడే. కానీ కొలవకుండా కొత్తది రాస్తే అదీ ఇంకొకడి రాతే అవుతుంది. ముందు కొలత, తర్వాత రాత. అందుకని పెట్టెనే ఎంచుకున్నాం. దాంతోపాటు వైడ్‌బ్యాండ్ సెన్సర్ కొన్నాం. బండితో వచ్చిన ఆక్సిజన్ సెన్సర్ గాలి ఎక్కువో తక్కువో మాత్రమే చెబుతుంది. వైడ్‌బ్యాండ్ ఎంతో చెబుతుంది. ఆ అంకెని లాంబ్డా అంటారు. సమంగా ఉంటే 1. పెట్రోలు మారినా ఆ 1 మారదు.

మా పేట వెల్డింగు కుర్రోడు బెండు పైపుకి సెన్సర్ గూడు అతికాడు. దానికంటే ముందు సైలెన్సర్ జాయింట్లో లీకుందేమో చూసి కొత్త గ్యాస్కెట్ వేశాం. లీకుంటే బయటి గాలి చొరబడి సెన్సర్ చెప్పేదంతా తప్పవుతుంది. టపాకాయల్లో సగం అక్కడే పోయాయి. సైలెన్సర్లో డీబీ కిల్లర్ కూడా పెట్టించాం. చప్పుడు మితిమీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద కేసు. ఎవరి బండి ముందు ఆపుతారో మాకు తెలుసు.

ముమ్మిడివరం, మురమళ్ళ మీదుగా ఎదుర్లంక వెళ్ళి, గౌతమి మీద బాలయోగి వంతెన దాటి యానాందాకా. మా కొలతల రోడ్డు అదే. 1998లో లోక్‌సభ స్పీకరైన తొలి దళితుడి పేరున్న వంతెన అది. తమ్ముడు నడిపాడు, వెనక కూచుని నేను నోటుబుక్కులో అంకెలు రాశాను. సగానికి పైన తిప్పితే లాంబ్డా 1.06 దాటేది. గట్టిగా లాగే చోట 0.88 దగ్గర ఉండాలి. కొంచెం పెట్రోలు కలపడం, మళ్ళీ నడపడం, మళ్ళీ రాయడం. మూడు ఆదివారాలు పట్టింది. నిలకడగా పోయే చోట ఏమీ ముట్టుకోలేదు, అక్కడ ఈసీయూ తనే సర్దుకుంటుంది. మైలేజీ ఒక కిలోమీటరు తగ్గింది. ఇంజను చల్లబడింది. ప్లగ్గు ఇటుక రంగుకొచ్చింది.

ఆ నోటుబుక్కు ఇప్పుడు పేటలో చేతులు మారుతోంది. కార్బొరేటర్ బండ్లున్నోళ్ళు మెయిన్ జెట్టు నెంబరు, స్క్రూ ఎన్ని చుట్లు తిప్పిందీ, ప్లగ్గు రంగూ అందులోనే రాస్తున్నారు. పదో తరగతి తప్పిన పిల్లలు గాలీ పెట్రోలూ నిష్పత్తి కడుతున్నారు. మొన్న అందులో ఒకడు షాపుకెళ్ళి "ఎంతవుద్ది?" అని అడగలేదంట. "ఎంతుంది? ముందు కొలిచి చూపించండి" అన్నాడంట.