ఆకాశమార్గమున తిరుపతికి

విమానమెక్కుటకు భయపడు స్త్రీలు మనలో ననేకులు గలరు. వారందరును పిరికివారని తలపరాదు. వరదగోదావరిని నాటుపడవపై దాటినవారు, చిన్నవయసుననే సంసారభారమును ఒంటిచేత మోసినవారు సైతము విమానమనగానే “కాళ్లక్రింద నేల లేకుండ నెట్లు కూర్చుందుము?” అందురు. రైళ్లును బస్సులును ఉండగా ఈ భయమువలన మొన్నటివరకు గొప్ప నష్టమేమియు లేకుండెను. నేడట్లు గాదు. మన బిడ్డలు సముద్రముల కావల కాపురములు చేయుచున్నారు. కూతురి పురుటికి తల్లి వెళ్లవలసి వచ్చినప్పుడు ఈ భయము తల్లికిని బిడ్డకును నడుమ గోడయై నిలుచును.

మా పినతల్లికి సంభవించినది సరిగా నిదియే. ఆమె కుమార్తె అమెరికాలో నున్నది, మాఘమాసమున పురుడు. “రాలేనని చెప్పుటకు నోరాడదు, వచ్చెదనని చెప్పుటకు గుండె చాలదు” అని ఆమె లోలోన కుములుచుండెను. దినమంతయు సాగు ఆ ప్రయాణమునకు ముందు గంట ప్రయాణ మొకటి చేసి చూతమనుకొంటిమి. స్వామి మ్రొక్కు ఎట్లును చెల్లింపవలసి యుండెను. కావున హైదరాబాదునుండి తిరుపతికి విమానమున పోవ నిశ్చయించితిమి. రైలులో రాత్రియంతయు పట్టు దూరము విమానమునకు సుమారు గంటంబావు పని.

ఆమె భయము నిరాధారమని చెప్పుట న్యాయము గాదు. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదులో విమానము కూలినప్పుడు అందలి 242 మందిలో ఒక్కడే బ్రతికెను. ఆ చిత్రములు ఇంటింటను చూడబడినవి. అయినను రెండవ ప్రక్కనుగూడ తూచవలెను. ప్రపంచమున ఏటేట 400 కోట్లకు పైగా విమానప్రయాణములు జరుగుచున్నవి. వానిలో అట్టి ఘోరములు బహు అరుదు. మన దేశపు రోడ్లపైన నన్ననో 2022వ సంవత్సర మొక్కదానిలోనే 1,68,000 మందికి పైగా మరణించిరి. ఐనను సంతకు పోవుటకు మన మెవ్వరమును వణకము. భయము అపాయమును బట్టి గాక అపరిచయమును బట్టి పెరుగునని దీనివలన తేలుచున్నది.

పరిచయము చేసికొను మార్గము మన రామాయణమునందే కలదు. లంకనుండి పుష్పకమున మరలివచ్చునప్పుడు శ్రీరాముడు క్రింద కనబడు తావుల నొక్కొక్కటిగ సీతమ్మకు చూపి, ఇది సేతువు, ఇది కిష్కింధ, ఇది గోదావరి యని పేరుపేరున చెప్పెను. పేరెరిగిన చోటు పరాయిది గాదు. మేమును ఆ పద్ధతినే అవలంబించి, కనబడబోవు వానికిని వినబడబోవు ధ్వనులకును పేర్లు ముందుగనే తెలిసికొంటిమి.

తొందర భయమునకు తోబుట్టువు గనుక శంషాబాదు విమానాశ్రయమునకు రెండుగంటలు ముందుగనే చేరితిమి. మా విమానము చిన్నది. ఇంచుమించు 70 మందికి చోటు. రెండు రెక్కలకు రెండు పెద్ద పంకాలు. రెక్కలు కిటికీలకు పైభాగమున నుండుటచే క్రింది నేల చక్కగా కనబడును. రెక్కలకు దాపుననే కూర్చుంటిమి. అచట చప్పుడు కొంత హెచ్చైనను ఊపు తక్కువ. విమానమును నడుపు నిద్దరిలో ఒకరు స్త్రీయని విని పినతల్లి ఆశ్చర్యపడెను. 1936లోనే సరళా థుక్రాల్ అను 21 ఏండ్ల యిల్లాలు, ఒక బిడ్డతల్లి, విమానము నడుపుటకు అనుమతిపత్రము పొందినదని చెప్పితిని.

విమానము నేల విడిచినది. చక్రములు ముడుచుకొని లోనికి పోవుట కిటికీనుండి కనబడెను, దబ్బున చప్పుడైనది. “అది చక్రముల చప్పుడు గదా?” అని ఆమెయే అడిగెను. కొంతసేపటికి పంకాల హోరు తగ్గి, క్రిందికి జారుచున్నట్లు తోచును. క్రొత్తవారు అధికముగా బెదరునది ఇచ్చటనే. నేల విడుచుటకు కావలసిన పూర్తిబలము ఆ పిమ్మట అక్కరలేదు గనుక తగ్గింతురు. విమానము ఎక్కుచునే యుండును. ఒక యంత్రము ఆగినను రెండవదానితో ఎగిరి దిగగలుగునట్లు వీనిని నిర్మింతురు. చెవులు దిబ్బడవేసినప్పుడు గ్రుక్కెడు గ్రుక్కెడుగా నీరు మ్రింగినచో సర్దుకొనును.

అరగంటలోపల కృష్ణవేణి కనబడెను. శ్రీశైలపు జలాశయము కొండలసందులలో పచ్చని అద్దపుముక్కలవలె పరచుకొని యుండెను. దాని కావల నల్లమల. ఎండకు కాగిన కొండలనుండి వేడిగాలి పైకి లేచును. ఆ గాలిలో విమానము గతుకులబాటలో ఎడ్లబండివలె ఊగెను. పినతల్లి నా చేయి గట్టిగా పట్టుకొనెను. గతుకులున్నంతమాత్రమున బండి విరుగదు. ప్రయాణమున రాదగిన మిక్కిలి హెచ్చు భారమునకు ఒకటిన్నర రెట్లు ఓర్చునట్లు రెక్కలను నిర్మింతురు. అవి కొంత వంగుట వాని బలమే. ఊపులలో దెబ్బలు తగులునది సాధారణముగా నడుమునకు పటకా బిగింపనివారికే. కావున దీపము ఆరినను పటకా విప్పకుండుట మేలు.

ఆమె విష్ణుసహస్రనామము మెల్లగా పఠింప నారంభించెను. ఊపిరి తీయుటకంటె విడుచుట దీర్ఘమైనచో గుండెదడ నెమ్మదించునని వైద్యులు చెప్పుదురు. నిదానముగా పఠించువారికి జరుగునది అదియే. పది శ్లోకములు గడచునప్పటికి నా చేయి వదలివేసినది.

శ్రీశైలము తోక, అహోబలము నడుము, తిరుమల పడగ యని మన పెద్దలు ఈ గిరిపంక్తిని ఆదిశేషునిగా భావించిరి. నేలపై నడచువానికి ఒక్కొక్క కొండయే కాని ఆ రూపము కానరాదు. పైనుండి చూడగా వంపులు తిరిగిన ఆ నల్లని కొండలవరుస దక్షిణమునకు ప్రాకుచున్నట్లే యుండెను. సోమశిలకడ పెన్న మెరసెను. “అమ్మాయీ, తోకనుండి పడగవరకు శేషుని వెంటనే పోవుచున్నామే!” అని ఆమె కిటికీకి ముఖ మానించి చూడసాగెను. భయము పోయినదని చెప్పజాలను. దానికంటె చూడవలసినది హెచ్చైనది.

రేణిగుంటలో దిగునప్పుడు విమానము ఒక ప్రక్కకు వాలి మలుపు తిరుగును. చక్రములు నేలను తాకగానే పెద్దహోరు పుట్టును. వేగమును ఆపు బలపు చప్పుడది. అన్నిటికిని పేర్లు తెలిసియే యున్నవి.

తిరుపతినుండి కొండకు బస్సులో ఎక్కితిమి. 1944లో మొదటి ఘాటురోడ్డు పడుటకు మున్ను యాత్రికులు కాలినడకనో డోలీలోనో ఎక్కెడివారు. నేటికిని అలిపిరికడ 3,550 మెట్లు మ్రొక్కుబడి గలవారి కున్నవి. ఒకప్రక్క లోయ, ఒకప్రక్క బండ, మలుపుమీద మలుపు. మా పినతల్లి హాయిగా కునికిపాట్లు పడెను! అలవాటు మహిమ ఎట్టిదో ఇంతకంటె నిదర్శన మేల?

తిరుగుప్రయాణమున ఆమె కిటికీచోటు తానే కోరుకొనెను. ఇల్లు చేరిన దినముననే అమెరికా ప్రయాణమునకు టిక్కెట్టు తీయుమని కుమారునితో చెప్పెను.

ఇట్టి ప్రయాణము తలపెట్టు సోదరీమణులకు నా మనవి యిది. మొదట చిన్నప్రయాణము చేయుడు. తెలిసినవారిని ప్రక్కన నుంచుకొనుడు. ఇరుగుపొరుగువారిచ్చు నిద్రమాత్రలు మ్రింగక, హృద్రోగము గాని రక్తపుపోటు గాని యున్నచో ముందుగా మీ వైద్యుని అడుగుడు. దూరప్రయాణమున నీరు త్రాగుచు, గంటకొకసారి పాదము లాడించుచు, వీలైనప్పుడు లేచి నాలుగడుగులు వేయుడు. ఇంటివారు “ఇంతమాత్రమునకే భయమా?” అని హేళన చేయరాదు. చేయి పట్టుకొని, క్రింద కనబడు నదిపేరు చెప్పినచో చాలును.