కిస్కీ గాడీ లాయా రే?

ఈసారి సియాసత్ వద్దు, ఖబర్లు వద్దు. మా ఇంటి అంబాసిడర్ గురించి, దాని విషయంలో నేను చేసిన ఒక గల్తీ గురించి రాస్తాను.

అది మార్క్ 3 పెట్రోలు బండి. అబ్బా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. విజయవాడ నుంచి బందరుకీ, అవనిగడ్డకీ పెళ్లి కిరాయిలు తోలారు. మా చదువులు, ఇద్దరు ఆపాల నికాహ్‌లు ఆ స్టీరింగ్ మీదే గడిచాయి. ఇప్పుడు అబ్బాకి గ్లాకోమా. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియవు. అయినా రోజూ ఫజర్ తర్వాత గోడ పట్టుకుని వెళ్లి, బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి వస్తారు.

రెండేళ్లుగా బండి తబియత్ బాగాలేదు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజిన్ కూడా ఆగిపోయేది. యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఒక దగ్గు, తర్వాతే కదలిక. నాకు జర్నలిస్టుల జబ్బు ఉంది, సగం తెలిస్తే మొత్తం తెలిసినట్టే. చదవగా చదవగా ఒక సంగతి దొరికింది. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ బ్రిటన్‌లో పుట్టిన బీ-సిరీస్ ఖాందాన్‌ది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఆ ఖాందాన్ ఇంజినే. మనకు ఒక ఎస్‌యూ కార్బురేటర్, దానికి రెండు.

ఇంకేం, షౌక్ పట్టుకుంది. తెలిసినవాళ్ల ద్వారా ఒక పాత జోడీ, దానికి సరిపడే మానిఫోల్డ్ తెప్పించాను. రెండు నెలల జీతం పోయింది. అబ్బాని మాత్రం అడగలేదు. సర్‌ప్రైజ్ అనుకున్నాను.

ఆటోనగర్‌లో ఉస్తాద్ వాటిని చూసి నవ్వాడు. "భాయ్, ఇవి ఇంజిన్ బాగా తిరిగేటప్పుడు పనికొస్తాయి. బందరు రోడ్డులో ఘాట్ ఉందా, కొండ ఉందా? ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ వెనకాల ఎక్కడ పరిగెత్తిస్తావు?" అన్నాడు. నేను జిద్ చేశాను. బిగించాడు.

రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒక రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి, బుస ఒకేలా వినపడేదాకా సర్దుతూ కూర్చున్నాడు. సాయంత్రమైంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, రెండింటినీ ఒక ఊపిరి మీద నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు!

బండి గర్జిస్తూ ఇంటికి వచ్చింది. అబ్బా వరండాలో ఉన్నారు. తల ఎత్తి విన్నారు.

"కిస్కీ గాడీ లాయా రే?"

మనదే అబ్బా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఫజర్ తర్వాత బండి దగ్గరికి వెళ్లలేదు. ఆ తర్వాతి రోజూ వెళ్లలేదు. అమ్మీ నా వైపు చూసింది, అంతే. ఆయన చూడలేని బండికి మిగిలింది ఆ గొంతు ఒక్కటే. దాన్ని నేను అడక్కుండా మార్చేశాను.

మళ్లీ ఆటోనగర్. ఈసారి ఉస్తాద్ పాత కార్బురేటర్ విప్పి పరిచాడు. థ్రాటిల్ ఇరుసు అరిగి ఊగుతోంది, ఆ సందులోంచి దొంగగాలి పోతోంది. జెట్‌లో ఆడే సూది ఒక పక్క అరిగింది. పైన డ్యాంపర్‌లో చుక్క ఆయిల్ లేదు, దగ్గు అందుకే. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కొలత ప్రకారం పోస్తే ఇంజిన్‌కి ఇంధనం చాలదు. పాత రబ్బరు, కార్కు సీళ్లని కూడా అది పాడుచేస్తుంది.

కొత్త ఇరుసు, బుష్‌లు, కొంచెం ఎక్కువ పెట్రోలు ఇచ్చే సూది, ఇథనాల్‌కి తట్టుకునే సీళ్లు, డ్యాంపర్‌లో ఆయిల్. ఆ బండికి కావలసిన అప్‌గ్రేడ్ ఇదే. జోడీ ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

చివరి ట్యూనింగ్ ఇంటి దగ్గరే చేయమన్నాను. అబ్బాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కార్బురేటర్ పక్కన అడుగున చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని కొద్దిగా పైకి నొక్కితే లోపలి పిస్టన్ లేస్తుంది. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరి. ఆయన వేలు దాన్ని వెతుక్కోలేదు, నేరుగా వెళ్లి దాని మీదే ఆగింది. నొక్కారు. విన్నారు. నట్టు కొంచెం కిందికి తిప్పమన్నారు. మళ్లీ నొక్కారు. ఉస్తాద్ పానా పట్టుకుని షాగిర్ద్‌లా నిలబడ్డాడు.

నాలుగోసారికి అబ్బా చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నారు. "పూఛ్‌నా థా నా," అన్నారు నాతో. అడగాల్సింది కదా అని. కోపంగా కాదు.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగడం లేదు, మాషా అల్లాహ్. మొన్న బందరు దాకా వెళ్లొచ్చాం. ఆయన ముందు సీట్లో కూర్చుని, గేరు ఎప్పుడు మార్చాలో నాకు చెబుతూనే ఉన్నారు.

జోడీ అల్మారాలో ఉంది. మీలో ఎవరి దగ్గరైనా ఎంజీఏ ఉంటే చెప్పండి. ధర మాత్రం మా అమ్మీ ముందు అడక్కండి.